టికెట్టు వెనక సన్న అక్షరాలు

"మా ఆఫీసులో ఒకాయన భార్య కొండలెక్కుతుంది. ఇంకొకాయన భార్య కుంచె పట్టి అందంగా అక్షరాలు దిద్దుతుంది. మా ఆవిడ హాబీ ఏంటో తెలుసా? అడుక్కోవడం."

దోసిక్ ఈ మాట ఫోనులో ఎవరో స్నేహితుడితో నవ్వుతూ అన్నాడు. నేలమీద పాత పేపరు పరుచుకుని సోయా మొలకల తోకలు తుంచుతున్న భార్యకు వినపడాలనే అన్నాడు. హేరాన్‌కు వినపడింది. ఆమె చెవికీ భుజానికీ మధ్య కూడా ఒక ఫోను ఉంది. కింది అంతస్తులో ఉండే పూలకొట్టు ఆవిడ ఎక్కవలసిన విమానం రద్దయితే, డబ్బులో సగం కోసేసి ఇస్తామన్నారట. ఆ సగం ఎందుకు కోశారో కనుక్కోవడానికి హేరాన్ ఇందాకటి నుంచి విమాన కంపెనీ వాళ్ళు ఫోనులో వేసిన పాట వింటూ కూర్చుంది.

అడుక్కోవడమట. తోక తుంచిన మొలకను గిన్నెలో వేస్తూ ఆమె ఆ మాటను నోట్లో రాయిలా అటూ ఇటూ తిప్పింది. ఇచ్చిన మాట తప్పినవాణ్ణి నిలబెట్టి అడగడం అడుక్కోవడం ఎలా అవుతుంది? పెళ్ళయిన కొత్తలో, మామగారి సంవత్సరీకానికి వెళుతుంటే బస్సు దారిలో చెడిపోయింది. అందరూ రోడ్డు పక్కన దిగి సిగరెట్లు కాలుస్తున్నారు. హేరాన్ టికెట్టు తిప్పి చూసింది. వెనకవైపు చీమల బారులా ఉన్న అక్షరాల్లో, బస్సు దారిలో ఆగిపోతే మిగతా దూరానికి డబ్బు తిరిగి ఇవ్వాలని రాసి ఉంది. వెళ్ళి డ్రైవరును అడిగింది. ఆమె నోరు తెరవగానే దోసిక్ గబగబా దూరంగా నడిచి, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు పొలాలకేసి చూస్తూ నిలబడ్డాడు. బస్సులో వాళ్ళందరికీ డబ్బు తిరిగొచ్చింది. "నా పరువు తీశావు," అన్నాడు అతను ఆ రాత్రి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె వాటా తీసుకెళ్ళి తన చుట్టాలకు సోజు సారా తాగించిన తరువాతే అన్నాడు.

ఆ రోజు నుంచి చేతికొచ్చిన ప్రతి టికెట్టునూ వెనక్కి తిప్పి చదవడం హేరాన్‌కు అలవాటైంది. రైలు టికెట్టు, ఓడ టికెట్టు, ఎవరో పారేసిన విమానం టికెట్టు, ఏదైనా సరే. పప్పులో రాళ్ళేరినట్టు చదివేది. రాను రాను అందులో ఒక రుచి తెలిసింది. పెద్ద అక్షరాల్లో నవ్వుతూ పిలిచేవాళ్ళు చిన్న అక్షరాల్లో ఏం దాస్తారో కనిపెట్టడంలో ఉన్న సంతోషం ఆమెకు వంటలోనూ దొరకలేదు, కాపురంలోనూ దొరకలేదు. అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు తలుపు తట్టి, కూతురి పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు. "దాహే అమ్మగారూ, మా రైలు ఆలస్యమైంది, మాకేమైనా వస్తుందా?" అంటూ ఎండుపళ్ళో నువ్వుల నూనో తెచ్చేవాళ్ళు. ఆ నూనె ఇంట్లో అందరూ తిన్నారు. పేరు మాత్రం ఇదీ, అడుక్కోవడం.

ఇంతకంటే పెద్ద మాటలు కూడా ఆమె మింగింది. ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. అయిదేళ్ళ కిందట తల్లి డెబ్భయ్యో పుట్టినరోజని తనకూ ఆవిడకూ జేజు దీవికి రెండు విమానం టికెట్లు కొంది. ఆందోంగ్ దగ్గర ఆపిల్ తోటల్లో నడుము విరిగేలా పనిచేసిన మనిషి ఆ తల్లి, ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ప్రయాణానికని కొత్త బూట్లు కొనుక్కుని, అరుగుతాయని ఇంట్లోనే తొడుక్కుని చూసుకునేది. సరిగ్గా ఆ వారానికే అత్తగారు చలికాలపు కిమ్చీ పచ్చడి పనిని ముందుకు జరిపింది. క్యాబేజీ ఈసారి తొందరగా వచ్చిందట. వంద క్యాబేజీలు ఉప్పులో ఊరబెట్టి కారం పూయడానికి కోడలు కావాలి. అత్తగారి కూతురు యోన్‌హ్వా నడుం నొప్పి మనిషి, కొడుకేమో కొడుకు.

"రద్దు చేసెయ్. వాపసు ఇప్పించుకోవడం నీకు సరదాయే కదా," అన్నాడు దోసిక్. రద్దు చేసింది. తన చేత్తో, తనకొచ్చిన విద్యతో, ఒక్క వాన్ నాణెం కూడా పోకుండా రద్దు చేసింది. డబ్బు అతని కార్డులోకి చేరింది. తల్లికి ఫోను చేస్తే ఆవిడ, "పోనీలేవే, నాకూ మోకాలు సలుపుతోంది," అంది. మళ్ళీ కిమ్చీ రోజులు వచ్చేసరికి ఆ తల్లి లేదు. బూట్ల అడుగున మట్టి కూడా అంటలేదు. దుఃఖం కాలంతో తగ్గుతుందంటారు. హేరాన్‌కు తగ్గింది. కసి తగ్గలేదు. దాన్ని ఆమె కిమ్చీ జాడీలాగే మూతపెట్టి పులియనిచ్చింది.

ఇప్పుడు అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు. వేడుక ఎక్కడనుకున్నారు? జేజు.

"హోటలు వద్దన్నయ్యా, వంటిల్లున్న ఇల్లు తీసుకుందాం," అంది యోన్‌హ్వా. "అమ్మకు బయటి తిండి పడదు. వదిన ఉందిగా."

"పుట్టినరోజు పొద్దున ఆనవాయితీ ప్రకారం సముద్రపు నాచు సూపు మీ వదిన చేతిదే తాగాలి నేను," అంది అత్తగారు, కోడలికి బహుమానం ఇస్తున్నట్టు.

వదిన ఉంది కాబట్టి వదినే ఇల్లు వెతికింది, వదినే టికెట్లు కొంది, వదినే మాంసం ఊరబెట్టి మంచు పెట్టెలో సర్దింది. ఎండు నాచు పాకెట్టు పెద్దది, పెళ్ళిభోజనానికి సరిపోయేది, పైన పెట్టింది. ఏదీ ఎదురు చెప్పలేదు. యోన్‌హ్వా అది చూసి, "ఈ మధ్య వదిన బాగా మెత్తబడింది," అని మెచ్చుకుంది కూడా.

దేగు విమానాశ్రయంలో నలుగురూ కూర్చున్నాక, జేజులో గాలి విపరీతంగా ఉందని, ఉదయం విమానం రద్దయిందని చెప్పారు. అత్తగారు నిట్టూర్చింది. యోన్‌హ్వా విసుక్కుంది. దోసిక్ అలవాటుగా గడ్డం ఎత్తి కౌంటరు వైపు చూపించాడు.

"వెళ్ళు. నీ పనేగా."

ఇంతకాలం అడుక్కోవడమైనది ఆ క్షణాన ఆమె పని అయింది. హేరాన్ నలుగురి గుర్తింపు కార్డులూ తీసుకుని వరుసలో నిలబడింది. వాతావరణం వల్ల రద్దయితే కోత లేకుండా పూర్తి వాపసు, లేదంటే సాయంత్రం విమానంలో సీటు. ఈ రూలు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా కౌంటరులో అమ్మాయిని అడిగింది.

"నలుగురం ఒకటే కోరుకోవాలా అమ్మా?"

"అక్కర్లేదండీ," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే. "ఎవరిది వాళ్ళ ఇష్టం."

ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమెతో ఎవరూ అనని మాట అది. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు, టైపు చేసుకుంటూ పోయింది. హేరాన్ కళ్ళు ఒక్కసారిగా తడిశాయి. తుడుచుకుని, "అయితే ముగ్గురికి సాయంత్రం విమానం," అంది. "ఈ ఒక్కటి వాపసు."

తిరిగొచ్చి ముగ్గురి చేతుల్లో మూడు టికెట్లు పెట్టింది.

"నీదేది?" అన్నాడు దోసిక్.

"రద్దు చేసుకున్నాను. డబ్బు మీ కార్డులోకే వస్తుంది, కంగారుపడకండి."

"వేళాకోళమా, దాహే అమ్మా? అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు కాసేపు దూరంగా వెళ్ళి నిలబడండి, మీకు అలవాటేగా."

దోసిక్ చెవులు ఎర్రబడ్డాయి. యోన్‌హ్వా మాత్రం అసలు విషయానికే వచ్చింది. "మరి వంట ఎవరు చేస్తారు వదినా?"

"మీ అమ్మ కన్నబిడ్డలు ఇద్దరున్నారు కదమ్మా."

"ఇదేం బుద్ధే నీకు," అంది అత్తగారు. "నా ఎనభయ్యో పుట్టినరోజు పూట."

"మా అమ్మకు డెబ్భయ్యోది కూడా ఇలాగే పోయింది అత్తయ్యా. ఆ రోజు మీ ఇంట్లో క్యాబేజీలు కడుగుతున్నాను." మంచు పెట్టె పట్టీ తీసి భర్త భుజానికి తగిలించింది. "అన్నీ ఇందులోనే ఉన్నాయి."

నాచు ఎంత నానబెట్టాలో చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెప్పలేదు, అంతే.

మర్నాడు పొద్దున హేరాన్ పోహాంగ్ రేవులో, ఎవరో వండిన వేడి నూడిల్స్ ముందు కూర్చుని ఉంది. ముందురోజు విమానాశ్రయం నుంచి బస్సెక్కి, సముద్రం కనిపించిన చోట దిగింది. ఇలా ఎదుట గిన్నె పెట్టించుకుని, లేచి ఎవరికీ ఏమీ అందించకుండా తినడం ఎంత బాగుంటుందో ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది. ఫోను మోగింది. మోగనిచ్చి, మూడోసారి ఎత్తింది.

"ఏంటిది, ఈ నాచు ఆగట్లేదు," అన్నాడు దోసిక్. అతని వెనక ఎక్కడో గిన్నెలు పడ్డాయి. "పాకెట్టంతా నీళ్ళలో వేశాను. గిన్నె నిండింది, తొట్టి నిండింది, ఇప్పుడు బకెట్టులోంచి పైకొస్తోంది. యోన్‌హ్వా అరుస్తోంది."

పుట్టిన దగ్గర్నుంచి ఏటా పుట్టినరోజుకు ఆ సూపు తాగుతున్న మనిషి. గుప్పెడు ఎండు నాచు నీళ్ళలో పడితే కుండెడవుతుందని తెలుసుకోవలసిన అవసరం అతనికి ఇంతవరకూ రాలేదు. హేరాన్‌కు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"అత్తయ్యది పెద్ద పుట్టినరోజు కదండీ. తాగించండి."

"సరే, అదంతా వదిలెయ్," అతని గొంతు తగ్గింది. "నీకు టికెట్టు కొన్నాను. నేనే, నా ఫోనులో. ఇవాళ మధ్యాహ్నం విమానం. వచ్చెయ్."

ఇన్నేళ్ళలో అతను తన చేత్తో ఆమెకు కొన్న మొదటి టికెట్టు. జాలి వేసింది. వస్తానని అనబోయింది కూడా. తల్లి గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏ రకం కొన్నారు?"

"అన్నిటికంటే చవకది. సగానికి సగం తగ్గింపు. నువ్వొక్కదానివే తెలివైనదానివనుకోకు."

"దాని కింద సన్నగా ఏదో రాసి ఉంటుంది. చదివారా?"

"అదెవరు చదువుతారు?"

"ఇప్పుడు చదవండి. పైకి."

దూరంగా అత్తగారు సూపు ఏదని అడుగుతోంది. తరువాత దోసిక్ కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. "ప్రత్యేక తగ్గింపు ధర... ప్రయాణికులు రాకపోయినా... ఏ కారణం చేతనైనా... డబ్బు తిరిగి ఇవ్వబడదు."

హేరాన్ గిన్నె ఎత్తి మిగిలిన రసం తాగి, నెమ్మదిగా కింద పెట్టింది.

"ఇంకోసారి చదవండి," అంది. "అత్తయ్యకు కూడా వినపడాలి."