ఆస్పత్రి స్టాపు

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి, మంచివాడని వీధంతా మెచ్చుకుంటుంది. కాపురం చేసేది నేను కదా, ఆ మంచితనం ఏపాటిదో నాకు తెలుసు. డిపో మేనేజరు రమ్మంటే ఒళ్లు కాలిపోతున్నా వెళ్తాడు. సమ్మె రోజున తోటివాళ్లంతా గేటు ముందు కూర్చుంటే ఈయన పక్క గేటులోంచి దూరి బండి తీశాడు. "పైవాళ్లు చెప్పారు కదే" అంటాడు. ఆ ముక్క వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ వారం బస్సులన్నీ మిలిటరీ వాళ్లు తీసుకున్నారు. పేటపేటకీ వెళ్లి ప్రభుత్వం వద్దనుకున్న జనాన్ని ఎక్కించుకోవాలి, ఊరి బయట రాళ్ల క్వారీలో దింపాలి. వాళ్ల ప్రార్థన వేరు, అంతకు మించి వాళ్లు చేసిన పాపమేమీ లేదు. బస్సులు ఖాళీగా తిరిగొస్తాయి. వెనక తుపాకులు మోగుతుంటే ఈయన స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడట. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పి, ఇంకాస్త అన్నం వడ్డించమన్నాడు.

నిన్న ఒక పొరపాటు చేశాడు. ఏళ్ల తరబడి తిప్పిన రూటు, ఆస్పత్రి స్టాపు రాగానే కాలు బ్రేకు మీద పడింది, చెయ్యి ముందు తలుపు మీట నొక్కింది. తలుపు దగ్గరున్న నలుగురైదుగురు చటుక్కున దూకి ఆస్పత్రి జనంలో కలిసిపోయారు. వెనక సీట్లోని సిపాయి లేచేసరికే అంతా అయిపోయింది. ఆఫీసరు చెంప పగలగొట్టాడు. "అలవాటండీ" అన్నాడట ఈయన. ఆఫీసరుకి నవ్వొచ్చిందట. మళ్లీ ఆపితే బండి ఇంకొకడికి ఇస్తానని వదిలేశాడు.

ఈయన చెంప తడుముకుంటూ ఇదంతా చెబుతుంటే, పెళ్లయ్యాక మొదటిసారి నాకు మొగుడి మీద గర్వం కలిగింది. అదీ పొరపాటుకి!

మర్నాడు మా వీధి వంతని కూడా అప్పుడే చెప్పాడు. కింది వాటాలో టైలరమ్మ, ఆవిడ చిన్నకూతురు ఉంటారు. వాళ్లదీ ఆ ప్రార్థనే.

"రేపు కూడా ఆ స్టాపులో ఆపండి" అన్నాను. "అలవాటు పోలేదని చెప్పండి. మహా అయితే బండి పోతుంది, ప్రాణం పోదు కదా."

"సరే, ఆపుతాను" అన్నాడు.

నేను పరుగున కిందికి వెళ్లాను. టైలరమ్మ మూట కట్టుకుంటోంది. చీకటి పడకముందే కాలవ దాటితే అవతల చుట్టాల బండి ఉంటుందంది.

"కాలవ గట్టున సిపాయిలున్నారట, పిల్లనేసుకుని ఎలా వెళ్తావు?" అన్నాను. "పొద్దున బస్సెక్కు. ముందు తలుపు దగ్గరే నిలబడు. ఆస్పత్రి దగ్గర మీ అన్నయ్య ఆపుతాడు, దూకేసెయ్."

"అన్నయ్యగారే ఉంటే ఇంక భయమేంటి వదినా" అని మూట విప్పేసింది.

ఇవాళ సాయంత్రం ఈయన రాగానే గుమ్మంలోనే నిలేశాను.

"ఎక్కింది" అన్నాడు చెప్పులు విప్పుతూ. "నన్ను చూసి నవ్వింది. పిల్లని ఎత్తుకుని తలుపు దగ్గరే నిలబడింది."

"ఆపారా?"

"స్టాపు దాటిపోతుంటే భుజం పట్టుకుని కుదిపింది. అన్నయ్యా, అన్నయ్యా అంది. నేను తల తిప్పలేదు."

"నాతో ఆపుతానన్నారు కదా!"

"నువ్వు ఆపమన్నావు, సరే అన్నాను. పొద్దున ఆఫీసరు ఆపొద్దన్నాడు. ఆయనకీ సరే అన్నాను." ఇందులో అర్థం కానిదేముందన్నట్టు నా మొహంలోకి చూశాడు. "ఇవాళ పొరపాటేం జరగలేదే. బండి నాకే ఉంచారు."

కడిగిపారేద్దామని నోరు తెరిచాను. ఇన్నేళ్లూ నోటికొచ్చినట్టు తిట్టినదాన్ని, ఒక్క తిట్టూ రాలేదు. ఈయన ఎవరి మాటా కాదనడని నాకు తెలుసు. తెలిసీ, పారిపోతున్న మనిషిని బస్సెక్కమన్నది నేను.