అంటించని సవరణ

జిగురు గిన్నె కడుగుదామని ఎత్తితే దాని అడుగున ఒక సవరణ కాగితం ముక్క మిగిలి ఉంది. జూరకాన్ దాన్ని ఊడదీసి చేతిలోకి తీసుకుంది.

ఓష్ నగరంలోని న్యాయ విద్యాలయం లైబ్రరీలో ఆమెది పుస్తకాలు తుడిచే పని. చట్టం మారినప్పుడల్లా, మారిన మాటలు అచ్చువేసిన ముక్కను పాత పేజీ మీద అంటించే పని కూడా. నేర విచారణ స్మృతి ప్రతులు పన్నెండు. పోయిన వారం పన్నెండు ముక్కలు వస్తే పదకొండే అంటించింది. పన్నెండో పుస్తకం రెండు వారాలుగా ఇంట్లో, కూతురు బేగాయిమ్ తలగడ కింద ఉంది. లైబ్రరీ గడప దాటకూడని పుస్తకాన్ని శాలువా కింద దాచి తీసుకెళ్ళింది తనే.

ముక్క చదివింది. అప్పీలు గడువు ముప్పై రోజులు కాదట, పది రోజులేనట. పిల్ల ముప్పై అనే వల్లె వేసింది. చివరి పరీక్ష ఇవాళే, పై అంతస్తులో. ఇది తప్పితే పట్టా రాదు. పట్టా లేకపోతే ఏమైపోతుంది? ఆ బెంగతో మంచం పడితే?

"ఏం జూరకాన్, జ్వరమొచ్చినదానిలా నిలబడ్డావ్? పుస్తకాలు పైకి మొయ్యాలి, పద," అంటూ లైబ్రరీ పెద్ద కల్బూబూ వచ్చింది. పరీక్షలో చూసుకోడానికి బల్ల మీద పెట్టేది లైబ్రరీ పుస్తకాలే. లెక్క చూసింది. "పన్నెండోది ఏది?"

"మా ఇంట్లో ఉంది ఎజె," అంది, అక్కను పిలిచినట్టు.

"ఇంట్లోనా! దాని మీద రొట్టెలు వత్తుతున్నావా?"

జూరకాన్ ఏడుస్తూ అంతా చెప్పింది. "ఒక్క మాట పిల్ల చెవిన వేసి వస్తాను ఎజె."

"నోరు తెరిచావో, దాన్ని గదిలోంచి గెంటేస్తారు. పుస్తకం పెట్టు, బయటికి రా. నీ సంగతి తరవాత చూస్తాను."

బేగాయిమ్ అప్పటికే ప్రశ్నల చీటీ తీసి, నోటితో చెప్పబోయే జవాబులు రాసుకుంటోంది. జూరకాన్ సవరణ అంటించిన పుస్తకం ఒకటి ఆమె మోచేతి దగ్గర పెట్టి, కళ్ళతోనే బతిమాలింది. పిల్ల నవ్వింది. నాకు కంఠతా వచ్చులే అపా అని తల్లికి చెప్పినట్టు పుస్తకాన్ని పక్కకి నెట్టేసింది.

పుస్తకాలు తిరిగి దింపేదాకా తలుపు దగ్గరే కూర్చోవాలి. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"అప్పీలుకి గడువెంత?" పరీక్ష చేసే పెద్దాయన గొంతు.

"ముప్పై రోజులు."

"ఏ పుస్తకంలో చదివావమ్మా?"

బేగాయిమ్ పుస్తకం తెచ్చిన తల్లి పేరు చెప్పదని జూరకాన్‌కు తెలుసు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, ఆ ముక్కను పెద్దాయన ముందు పెట్టింది. "తప్పు నాది బాబూ. దాని పుస్తకానికి ఇది అంటించలేదు."

ఆయన ముక్క చూశాడు, పిల్ల పక్కకి నెట్టిన పుస్తకమూ చూశాడు. "అంటించింది పక్కనే ఉంది కదా. తెరవనిది ఈమె." ఐదుకి మూడు వేశాడు. గట్టెక్కే మార్కు, అంతే.

మెట్ల మీద జూరకాన్ కూతురి చెయ్యి పట్టుకుంది. "నా ఉద్యోగం పోతే పోనీ. నువ్వు పాసయ్యావు తల్లీ."

బేగాయిమ్ మెట్టు మీదే ఆగిపోయింది. "రేపు లాయరునయ్యాక, పదో రోజున ఎవరికో ఇంకా ఇరవై రోజులున్నాయని చెప్పేదాన్ని అపా. వాడు నన్ను నమ్మి జైల్లోనే ఉండిపోయేవాడు."

ఆ మనిషికీ ఎక్కడో తల్లి ఉంటుంది. జూరకాన్ తిరిగి తీసుకుని శాలువా కొంగున ముడేసుకున్న ముక్కను తడిమి చూసుకుంది. "ఇంటికి పద. ముందు ఆ పుస్తకానికి ఇది అంటిద్దాం."