లెక్కలోకి రాని బంతులు

దుప్పట్లు నానబెట్టింది మా ఆయనే. కాదనను. సబ్బు నీళ్లలో వేసి, ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. జాడించి, పిండి, ఆరేసింది నేను. అత్తయ్య మాత్రం పక్కింటావిడతో, "మావాడు బంగారమమ్మా, దుప్పట్లు కూడా తనే ఉతుకుతాడు" అని మురిసిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేవేళకు మాయమవడమూ ఆయనకు అలవాటే. మొదలుపెట్టడం ఆయనది, తెమల్చడం నాది.

"కుడిచెయ్యి లాగేస్తోంది, దుప్పటి ఆ కొస పట్టుకో" అన్నాను.

"నిన్న నువ్వేసింది పదకొండు బంతులేగా! అంతదానికే?"

పదకొండే. టీవీలోనూ అదే చూపించారు. మా ఆడవాళ్ల బేస్‌బాల్ జట్టు, మా ఊళ్లోనే జరుగుతున్న ప్రపంచ పోటీల్లో ఆడుతోంది. నేను రిలీఫ్ పిచర్‌ని. అంటే, ముందు నుంచీ బంతులేస్తున్న మా సీనియర్ అక్క అలిసిపోయి, అవతలివాళ్లు పరుగు తియ్యడానికి మూడు బేసుల మీదా తిష్ఠవేశాక, ఆ గందరగోళంలోకి నన్ను దింపుతారు. అందాకా కంచె వెనక బంతులేస్తూ చెయ్యి వేడెక్కించుకోవాలి. కోచ్ లెమ్మంటే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి. నిన్న మూడుసార్లు లేపాడు. అక్కడ వేసినవి డెబ్బై. అవి ఎవరి లెక్కలోకీ రావు. ఆ తర్వాతి పదకొండుతో ఒక్క పరుగూ ఇవ్వలేదు. గెలుపు అక్క పేరున రాశారు. రూలే అంతట. అక్క మీద నాకేం కోపం లేదు, ఆవిడ భుజమూ అరిగిపోతోంది. "చిన్నపిల్లవి, నీ చేతికేం?" అనే కోచ్ మీదే నా ఒళ్లుమంట. ఇంట్లోనూ ఇదే మాట. ఇరవై రెండేళ్లకే నా ఒళ్లు ఊరుమ్మడి సొత్తయిపోయింది.

సాయంత్రం సెమీఫైనల్. కోచ్ లేపాడు, ఇరవై బంతులేశాను, కూర్చోమన్నాడు. మళ్లీ లేపాడు, మళ్లీ ఇరవై, మళ్లీ కూర్చోమన్నాడు. మూడోసారి లెమ్మని ఆయన చెయ్యి ఊపేసరికి నా భుజం భగ్గుమంటోంది. నేను బల్ల మీంచి కదల్లేదు.

"వినపళ్లేదా?"

"వినపడింది సార్. ఆడిస్తానంటే లేస్తాను. ఊరికే అయితే లేవను."

"ఎంత పొగరు! ఫైనల్లో నీ పేరుండదు, చూసుకో."

"సరే సార్" అన్నాను. పద్నాలుగో ఏటి నుంచి ఆ ఫైనల్ కోసమే బతికాను. కంచె వెనక ఇంకో పిల్ల లేచింది. చివరికి తననీ దింపలేదు. అక్కే పళ్లబిగువున ఆఖరిదాకా లాగి గెలిపించింది. అందరూ గంతులేస్తుంటే నేనూ ఎడమచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చేసరికి సగం తరిగిన కూరగాయలు చెక్క మీద వాడిపోతున్నాయి. మా ఆయన సోఫాలో కాళ్లు బారజాపుకుని ఉన్నాడు.

"ఇవాళ ఒక్క బంతీ వెయ్యలేదుగా, హాయి! వంట మొదలెట్టేశా, మిగతాది నువ్వు కానిచ్చెయ్."

"పాపం, వాడు ఇందాకట్నుంచీ వంటింట్లోనే ఉన్నాడమ్మా" అంది అత్తయ్య.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఐసు ముక్కలు తువ్వాల్లో మూటకట్టి, భుజం మీద పెట్టుకుని, ఏడుస్తూనే ఆయన పక్కన కూర్చున్నాను.

"నలభై వేశాను" అన్నాను. "వంట మొదలెట్టింది నువ్వేగా, నువ్వే ముగించు."