కిటికీ పక్క సీటు

బడి వ్యాను పూర్తిగా ఆగకముందే ఆయమ్మ తలుపు తెరిచి, ముందు కుడికాలు, తర్వాత నొప్పి చేసిన ఎడమకాలు కిందికి దించింది. ఎక్కే ప్రతి పిల్ల నెత్తి మీదా అరచెయ్యి ఆనించి లోపలికి పంపడం ఆమె అలవాటు. లెక్కకు లెక్కా అవుతుంది, ఎవరికి ఒళ్లు కాలుతోందో, ఎవరు ఏడ్చి వచ్చారో కూడా ఆ చేతికి తెలిసిపోతుంది.

వ్యానులో అందరికన్నా చిన్నది ఎక్కే చోట దాని తల్లి ఒక్కతే నిలబడి ఉంది. ఇక బడికి రానని పిల్ల మంచం దిగలేదట.

"ఇవాళ ఒక్కరోజు పంపమ్మా. రేపటి సంగతి అదే చెప్తుంది" అంది ఆయమ్మ.

చిన్నదానికి మాట తడబడుతుంది. ఒక్కో మాటా పెదాల దగ్గర ఆగి, తోసుకుని బయటికి రావాలి. వెనక సీటు పొడుగు పిల్ల ఆ తోపులాటను అచ్చంగా అనుకరించేది. వ్యానంతా నవ్వేది. పిల్లలాటలే అక్కా అంటూ డ్రైవరూ అద్దంలో చూసి నవ్వేవాడు. చూసి చూసి ఆయమ్మ చిన్నదాన్ని కిటికీ పక్క నుంచి లేపి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మర్నాటికల్లా దానికి 'ఆయమ్మ సంచి' అని పేరు పడింది. కాపాడబోయి వేలెత్తి చూపించినట్టయింది.

నిన్న ఆయమ్మ ధైర్యం చేసి హెడ్ మేడం గదికి వెళ్లింది. నిలబడే చెప్పబోతే మేడం లేచి కుర్చీ జరిపింది. బడి గదిలో కుర్చీలో కూర్చోవడం ఆయమ్మకు అదే మొదలు. చిన్నప్పుడు తన మెల్లకన్నును మూడో తరగతిలో పిల్లలు వెక్కిరిస్తే, పంతులు కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ సాయంత్రమే పలక మూలన పడేసింది. ఎందుకు మానేశావని అడిగినవాళ్లు లేరు. పనికి ఇంకో చెయ్యి దొరికిందని ఇంట్లో సంతోషించారు కూడా. అదంతా మేడానికి చెప్పలేదు, చిన్నదాని సంగతే చెప్పింది. మేడం అడ్డు రాకుండా చివరిదాకా విని, చెప్పి మంచిపని చేశారంది.

"కానీ దాని సీటు దానికి ఇచ్చేయండి. తప్పు చెయ్యని పిల్ల ఎందుకు లేవాలి?"

తర్వాత మేడం పొడుగు పిల్లనూ, వాళ్లమ్మనూ పిలిపించి తలుపు వేసుకుని మాట్లాడిందట. నలుగురిలో నిలబెట్టి తిట్టలేదట.

తల్లి లోపలికెళ్లి తీసుకొచ్చాక చిన్నది వ్యాను ఎక్కి, ఆయమ్మ పక్కకే రాబోయింది.

"నీ సీటు అక్కడ కదే తల్లీ" అని కిటికీ వైపు చూపించింది ఆయమ్మ.

పక్క వీధిలో పొడుగు పిల్ల ఎక్కింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయమ్మ చెయ్యి ఆ నెత్తి మీద కూడా అందరి మీద ఆగినంత సేపూ ఆగింది.

"నువ్విక్కడ కూర్చో. నాకు మోకాలు పోయింది. తలుపు నువ్వే తియ్యాలి."

"శిక్షా?"

"తలుపు తియ్యడం శిక్షయితే, నేనేం నేరం చేశానని ఇన్నేళ్లు తీశాను?"

డ్రైవరు నవ్వబోయాడు. అద్దంలో చిన్నదాని మొహం చూసి గొంతు సవరించుకున్నాడు.

సాయంత్రం చిన్నదాని ఇంటి ముందు పొడుగు పిల్ల తలుపు తీసి పక్కకు జరిగింది. చిన్నది మెట్టు మీద ఆగి ఆయమ్మ వైపు తిరిగింది.

"రే... రేపు..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పొడుగు పిల్ల తలతిప్పి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. డ్రైవరు ఇంజను కట్టేశాడు. చిన్నది తొందరపడలేదు.

"రేపు కి... కిటికీ నా... నాకే ఉంచు ఆయమ్మా."

"నీదే తల్లీ."

తల్లి గేటు దగ్గర రెండు చేతులూ జోడించబోతే, ఆయమ్మ వద్దని తలూపింది.

పిల్లలంతా దిగాక వ్యాను ఆమె సందు మొదట్లో ఆగింది. రేపటినుంచి ఆమె బదులు కొత్తామె వస్తుంది. మోకాలి వల్ల పని మానేస్తానని బడిలో ఎప్పుడో చెప్పేసుకుంది. పిల్లలకు ముందే చెప్పొద్దని డ్రైవరు దగ్గర మాట తీసుకుంది.

"కొత్తామెకి ఏమన్నా చెప్పాలా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"చిన్నది మాట్లాడేటప్పుడు ఇంజను కట్టెయ్యమని నీకే చెబుదామనుకున్నా. చెప్పకుండానే కట్టేశావు. చాలు తమ్ముడూ, నీ మేలు మర్చిపోను."

మెల్లగా దిగి, ఇళ్ల నీడలు పట్టుకుని నడిచి, సందు మలుపు తిరిగిపోయింది.

తలుపు మూయబోతూ డ్రైవరు చూశాడు. ఎండకు పిల్లల చేతులు కాలకుండా తలుపు పక్క ఇనుప కడ్డీకి ఆమె చుట్టి కుట్టిన పాత గుడ్డ, చిన్న చిన్న వేళ్లు పట్టుకుని పట్టుకుని నున్నగా నల్లబడి ఉంది.