రెండో బ్రేకు

"చూపు రోడ్డు మీద పెట్టరా, కాళ్ళ మీద కాదు" అన్నాడు పెదకోటయ్య. తెల్లవారి గంట కాలేదు, ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

శివ తల ఎత్తాడు. ఇరవై ఏడేళ్ళ మనిషి, క్వారీలో రాళ్ళు పగలగొట్టిన చేతులు. స్టీరింగుని మాత్రం పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు భయం భయంగా పట్టుకుంటాడు. మిరప కోతల కాలం. ఊరి చివరి రోడ్డు మీద మంచు ఇంకా విడిపోలేదు. కారు రెండో గేరులో మూలుగుతూ పోతున్నది. ఎడమవైపు సందులోంచి పాలక్యాన్ల మోటారుసైకిలు ఒకటి అడ్డంగా వచ్చింది. శివ రెండు బొటనవేళ్ళతో హారను గట్టిగా నొక్కాడు. కారు కుదుపు లేకుండా ఆగింది. పాలవాడు తల కూడా తిప్పకుండా పోయాడు.

"బ్రేకేదిరా?"

"ఆగింది కదా మావా."

"ఆపిందెవడు?"

శివ పళ్ళికిలించాడు. "నువ్వున్నావుగా."

ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఎడమ సీట్లోనే ఉన్నాడు పెదకోటయ్య. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఆ రెండో బ్రేకు మీద ఆయన కుడికాలు ఎప్పుడూ అంగుళం ఎత్తున గాలిలో నిలిచి ఉంటుంది. అట్లా నిలిపీ నిలిపీ మోకాలు తాటికాయంత అయింది. భార్య మస్తానమ్మ రోజూ దానికి ఆముదం రాస్తూ, రోజూ అదే మాట అంటుంది: "ఊళ్ళోవాళ్ళకి లైసెన్సులు, నీకు మోకాలు."

అరవై రెండేళ్ళు. వడిలిన సన్నటి మనిషి. కుడిచేయి మాత్రం మోచేతి దాకా ఎడమచేతి కంటే రెండింతలు నలుపు, లారీ కిటికీ మీద పెట్టుకుని ఇరవై రెండేళ్ళు తిరిగినందుకు. మాచర్ల నాపరాళ్ళ లారీ నడిపినంత కాలం ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదు. ఆ పని నేర్పింది ఖాదర్ వలి అనే పాతకాలపు డ్రైవరు. క్లీనరుగా చేరిన పెదకోటయ్యని రెండేళ్ళ పాటు స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. "ముందు ఆపటం నేర్చుకోరా, నడపటం లోడే నేర్పుద్ది" అనేవాడు. ఆపడమంటే ఆయన లెక్కలో దిగువలో పోతూ, వెనక పేర్చిన నాపరాయి ఒక్కటి కూడా కదలకుండా ఆపడం. రాయి జరిగిన చప్పుడు వినపడిందా, వీపు మీద ఒకటి పడేది.

ఆ ఖాదర్ వలి శిష్యుడు ఇప్పుడు ఇరవై రోజుల్లో డ్రైవర్లని తయారుచేసి రోడ్డు మీదికి వదులుతున్నాడు. టెస్టుకి స్కూలు కారులో పోతే పక్కన నేర్పేవాడు కూర్చోవడం ఇక్కడ ఆనవాయితీ. టెస్టు చూసే ఆఫీసరు బయట నిలబడి టైర్లు గీత దాటాయా, ఇంజను ఆగిపోయిందా అని చూస్తాడు. లోపల ఎవరి కాలు ఏం చేస్తున్నదో ఆయనకి కనపడదు. పెదకోటయ్య ఛాతీ కదలదు, భుజం కదలదు. కిటికీలోంచి ఎక్కడో కొంగల్ని చూస్తున్నట్టు మొహం పెట్టుకుని, కింద కాళ్ళతో బండి మొత్తం నడిపేస్తాడు. తప్పని తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. మొదటి ఏడాది మనసు పీకింది, రెండో ఏడాదికి కాలు అలవాటు పడింది. స్కూలు యజమాని ఉపేంద్ర అయితే దాన్ని దాచను కూడా దాచడు. "మా పెదకోటయ్యగారు పక్కన కూచుంటారు, మీరు స్టీరింగు పట్టుకుంటే చాలు" అని చేరడానికి వచ్చినవాళ్ళకి ముందే అభయమిస్తాడు. జనం కూడా తక్కువ తిన్నారా? మంచి స్కూలంటే అదేనని బంధువులకి చెప్పి మరీ చేర్పిస్తారు.

బజారుకి పోతే ఎదురొచ్చే కార్లలో రెండో మూడో ఆయన కాలు పాస్ చేయించినవే ఉంటాయి. లోపలివాళ్ళు గురువుగారిని గుర్తుపట్టి, స్టీరింగు వదిలేసి మరీ దండం పెడతారు. అందుకే రోడ్డు దాటేటప్పుడు ఊరందరిలోకీ ఎక్కువ భయపడేది పెదకోటయ్యే.

కారు పక్కకి తీయించి ఆపాడు. శివ పరాయివాడు కాదు, మస్తానమ్మ తమ్ముడి కొడుకు, వెల్దుర్తి నుంచి పెళ్ళాంతో సహా వచ్చి ఇక్కడ గది అద్దెకి తీసుకున్నాడు.

"ఒరేయ్ శివా, టెస్టు పది రోజులు వెనక్కి జరుపుదాం. నీకింకా బ్రేకు రాలేదు."

"ఇయ్యాల సాయంత్రానికి లైసెన్సు చూపిస్తేనే సరుకు తోలే చిన్న ట్రాలీ బండి తాళం ఇస్తానన్నాడు మావా, మిరపకాయల ధనుంజయరావుగారు. లేకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటాడంట."

"పెట్టుకోనీ."

"అంటే మళ్ళా నేను క్వారీకి పోవాలా?" అని దగ్గాడు శివ. కావాలని దగ్గలేదు. ఆ దగ్గు క్వారీ దుమ్ము పెట్టిన దగ్గు. రాత్రుళ్ళు కూర్చుని దగ్గుతాడనీ, డాక్టరు దుమ్ములోకి పోవద్దన్నాడనీ వాడి భార్య కోటేశ్వరి వచ్చి ఏడ్చి పోయింది. బయలుదేరేముందు మస్తానమ్మ గడపలో నిలబడి అననే అంది: "ముక్కూ మొహం తెలియనోళ్ళకి కాలు అరువిచ్చావు. మావాడి కాడికి వచ్చేసరికి నీతి గుర్తొచ్చిందా?"

వందమందికి చేసిన తప్పు ఒక్కడికి చెయ్యనంటే లోకం దాన్ని నీతి అనదు, కక్ష అంటుంది. మునిగినవాడికి చలేమిటి అనుకున్నాడు పెదకోటయ్య.

"ఒక్కటి చెప్పు. బండి ముందుకి మనిషొస్తే ఏం చేస్తావ్?"

"హారను కొడతా."

"తర్వాత?"

శివ నిజంగానే ఆలోచించాడు. "తప్పుకుంటారుగా మావా."

పెదకోటయ్య గడియారం చూసుకున్నాడు. "పద" అన్నాడు.

టెస్టు పదకొండు గంటలకి. గ్రౌండులో ఎండ చుర్రుమంటున్నది. గీతల మధ్య ముందుకీ వెనక్కీ తిప్పడం శివ బాగానే చేశాడు. ఆ తర్వాత సిమెంటు దిబ్బ ఉంది. సగం ఎక్కి ఆపాలి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. అక్కడే తేలిపోతుంది ఎవడు డ్రైవరో ఎవడు కాదో.

సగం ఎక్కింది కారు. శివ తల దించి తన కాళ్ళ వంకే చూసుకున్నాడు. పెదకోటయ్య కాలు గాలిలోనే ఉంచాడు. నొక్కకూడదనుకున్నాడు. వదిలేస్తే కారు వెనక్కి జారుతుంది, వీడు తప్పుతాడు, ఇంటి దగ్గర నాలుగు రోజులు తిట్లు తింటాను, అంతే కదా అనుకున్నాడు. కారు బెత్తెడు వెనక్కి జారింది. పక్కన శివ ఊపిరి ఈల వేసినట్టు వినపడింది. భయానికి బిగబట్టిన ఊపిరి, దుమ్ము నిండిన ఛాతీలోంచి రాలేక వస్తున్నది. ఆ చప్పుడు వినలేకపోయాడు. కాలు దిగింది. కారు దిబ్బ మీద మేకు కొట్టినట్టు నిలబడి, ఆపైన బుద్ధిగా ఎక్కి దిగింది.

"కంట్రోలు బాగుంది" అన్నాడు బయటి నుంచి ఆఫీసరు, శివతో.

పాసైనట్టు మధ్యాహ్నానికల్లా ఫోనుకి మెసేజు వచ్చింది. శివ గేటు బయటే వంగి పెదకోటయ్య కాళ్ళకి దండం పెట్టాడు. వాపు మోకాలికి వాడి నుదురు తగిలి ప్రాణం జివ్వుమంది. "లెయ్యరా, చాల్లే" అన్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది, సంతోషం వల్ల మాత్రం కాదు.

నాలుగు గంటలకి ధనుంజయరావు కోల్డ్ స్టోరేజీ దగ్గర శివకి తాళం ఇచ్చాడు. మిరపకాయల వ్యాపారం చేసే పెద్దరైతు. ఫోనులో మెసేజు చూసి, "నకరికల్లు అవతల మా చేలో ఇరవై టిక్కీలున్నాయి, పొద్దుగూకే లోపల తీసుకురా" అన్నాడు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా.

"మొదటి ట్రిప్పు పక్కన కూచో మావా. నువ్వుంటే నాకు ధైర్యం" అన్నాడు శివ, వెంట వచ్చిన పెదకోటయ్యతో.

"నేను నడుపుతా. నువ్వు చూడు."

"ఆయన అరుగు మీద నుంచి చూస్తన్నాడు. నువ్వు నడిపితే ఏమనుకుంటాడు?"

అదీ నిజమే. పెదకోటయ్య చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో కూర్చోగానే ఒళ్ళు తనంతట తనే సర్దుకుంది. వీపు వెనక్కి వాలింది, కుడికాలు కాస్త ముందుకి చాపుకుంది. ట్రాలీ బయలుదేరింది. శివ నెమ్మదిగానే నడిపాడు. ఖాళీ రోడ్డు వచ్చాక వేగం పెరిగింది. వాడి మొహంలో చాన్నాళ్ళకి వెలుగు కనిపించింది. పోనీలే, చేతిలో పని ఉంటే చెయ్యి అదే తిరుగుతుంది అనుకున్నాడు పెదకోటయ్య. కోటేశ్వరికి ఫోను చేసి చెప్పాలనుకున్నాడు.

కాలవ దగ్గర మలుపు తిరిగేసరికి ఎదురుగా మిరపకాయల ట్రాక్టరు, రోడ్డు సగానికి పైగా ఆక్రమించుకుని. శివ స్టీరింగు ఎడమకి కోశాడు. ఎడమ అంచున కోతలకి పోయిన ఆడవాళ్ళు వరసగా నడిచి ఇంటికి పోతున్నారు. శివ హారను నొక్కాడు. రెండు బొటనవేళ్ళతో, గట్టిగా, వదలకుండా నొక్కాడు. అదే క్షణంలో పెదకోటయ్య కాలు దిగింది.

కింద రబ్బరు పట్టా. దాని కింద రేకు. పెడలు లేదు.

మళ్ళీ తొక్కాడు. మోకాలు కలుక్కుమంది. మూడోసారి కూడా తొక్కాడు. హారను మోగుతూనే ఉంది. ముందున్న ఆడవాళ్ళు గట్టు కిందికి దూకారు. చివర నడుస్తున్న ఆవిడ మాత్రం ఎవరు పిలుస్తున్నారా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. అప్పటికి గానీ పెదకోటయ్యకి స్టీరింగు అందుకోవాలని తట్టలేదు. పంతొమ్మిదేళ్ళలో చేతులతో ఆయనకి పని పడలేదు.

ట్రాలీ గట్టుకి తగులుకుని ఆగింది.

ఆవిడ పేరు సాబిరా అని మిగతావాళ్ళ ఏడుపులోంచి తెలిసింది. నలభై ఉంటాయేమో. వేళ్ళకి మిరపమంట తగలకుండా కట్టుకున్న గుడ్డపీలికలు అట్లాగే ఉన్నాయి. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. కాసేపటికి తోడు వెళ్ళిన చెల్లెలు ఫోను చేసింది. ఇక్కడ ఫోను ఎత్తినామె "పోయిందంట" అంటూ మట్టిలో కూర్చుండిపోయింది.

హెడ్ కానిస్టేబులు వచ్చి ముందు అడిగింది లైసెన్సు. శివ ఫోను చాపాడు. ఆయన ఎండకి చెయ్యి అడ్డంపెట్టి దాన్ని చదివాడు. "ఇయ్యాల పొద్దునే పాసయ్యాడా? సరే, ఉంది కదా."

"పాసయ్యింది వాడు కాదండీ" అన్నాడు పెదకోటయ్య.

"మరెవరు?"

"నేను. బ్రేకు నేనే తొక్కానండీ. పొద్దునా నేనే, ఇరవై రోజులుగా నేనే. వాడు హారను కొట్టినప్పుడల్లా నేను తొక్కా. హారను కొడితే బండి ఆగిద్దని వాడి ఒంటికి నేర్పింది నేను. ఇందాక కూడా తొక్కా. దీంట్లో లేదు."

హెడ్డు ట్రాలీ ఎడమ సీటు కిందికి వంగి చూశాడు. పట్టా తప్ప ఏమీ కనపడలేదు. పెదకోటయ్య భుజం మీద చెయ్యి వేసి, "తలకేమన్నా తగిలిందా తాతా? అట్టా నీడలో కూచో" అన్నాడు, నిజంగా జాలిపడి.

"రాసుకోండయ్యా. నా పేరు రాసుకోండి."

"పక్కన కూచున్నోళ్ళ మీద కేసు పెట్టే సెక్షను నాకు తెలవదు" అని ఆయన శివని జీపు ఎక్కించాడు. శివ ఎక్కుతూ దగ్గాడు. దగ్గుతూనే వెనక్కి తిరిగి, "మావా, నువ్వు తొక్కావుగా?" అన్నాడు. నింద కాదది. వాడికి నిజంగానే అర్థం కాలేదు.

ఆ మాట పెదకోటయ్యని చంపేసింది. ఖాదర్ వలి బతికుంటే వీపు మీద కొట్టేవాడు, కనీసం అదన్నా దక్కేది.

జేబులో ఫోను మోగింది. ఉపేంద్ర. వార్త అప్పుడే అందింది. "నువ్వేం మాట్లాడమాక. వాడికి లైసెన్సుంది, మనకి సంబంధం లేదు. మోకాలికి కట్టు కట్టించుకో. రేపు టెస్టుకి ఎనిమిది మందున్నారు."

పెదకోటయ్య ఫోను కట్ చేశాడు. రేపు ఆ సీట్లో కూర్చోనని చెప్పలేదు. చెప్పినా ఒరిగేదేమీ లేదు, ఇంకో కాలు దొరుకుతుంది. లేచి నిలబడబోతే కుడికాలు నిలవలేదు. గట్టు పట్టుకుని అట్లాగే కూలబడ్డాడు. జీపు పోయింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఊరివైపు నడిచారు, ఈసారి పొలాల్లోంచి.

రోడ్డు మీద ఎవరూ మిగల్లేదు. తుమ్మకంప మొదట్లో సాబిరా నీళ్ళసీసా పడి ఉంది. చల్లగా ఉండాలని చుట్టూ గోనెపట్టా కుట్టి తడిపిన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా. మూత ఊడలేదు, నీళ్ళు సగానికి ఉన్నాయి, గోనె తడి ఇంకా ఆరలేదు.