మొదటి పేజీలో లేని షఫీ

ఆ ఉదయం ఆకాశం గిన్నెలు తుడిచిన గుడ్డలా ఉంది. వాన పడనూ పడదు, మబ్బు విడనూ విడదు. బేగంపేటలో రైలు దిగిన లోవరాజు ఒకసారి తలెత్తి దాన్ని చూశాడు. మొహం చిట్లించుకుని మూడో అంతస్తులో ఉన్న ఆఫీసు మెట్లెక్కాడు.

పని తొమ్మిదేళ్ళుగా ఒక్కటే. ఏ పని కావాలో ఆ మాట, దాని పక్కన పేట పేరు, ముందు ‘బెస్ట్’. మూడూ అతికిస్తే ఒక వెబ్‌సైటుకు పేరు తయారు. బెస్ట్ గీజర్ రిపేర్ బోయిన్‌పల్లి. బెస్ట్ పెస్ట్ కంట్రోల్ బేగంపేట. జనం గూగుల్‌లో ఏ మాటలు కొడతారో అవే మాటలు పేరులో ఉంటే సైటు మొదటి పేజీకెక్కుతుందని అందరి నమ్మకం. కొన్నేళ్ళు ఎక్కింది కూడా. లోవరాజు పుట్టింది తుని దగ్గర పల్లెలో. అక్కడ కొట్టుకు మనిషి పేరుండేది. నూకరత్నం కొట్టు, దేముడుబాబు మిల్లు. మనిషి మంచివాడైతే అది చాలు, వెనక మరో మాట అక్కర్లేదు.

కీబోర్డు మీటల సందుల్లో నల్లటి జిడ్డు పేరుకుంది. గుండుసూదితో గీకితే చెవి గులిమిలా ఉండలుకట్టి వచ్చింది. తన వేళ్ళదే ఆ జిడ్డంతా. కాగితం ముక్కకు తుడిచి పారేశాడు.

యజమాని రామభద్రరావు వక్కపొడి నములుతూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

“ఏమయ్యా ఆ మొహం, ఆముదం తాగినట్టు?”

“సైట్లన్నీ పడిపోయాయండి. వారం నుంచి ఒక్కటీ పైన లేదు.”

“తెలుసులే. ఉత్త పేరు చూసి పైకెక్కించడం మానేశాడట గూగుల్ వాడు. లోపల సరుకుండాలట! క్లయింట్లకు చెప్పావా?”

“లేదండి.”

“చెప్పకు. ఒక పేరు పడితే మూడు పేర్లు కొనిపించు. మీ చిలకలగూడ ముసలాయనతో మొదలుపెట్టు. నువ్వంటే గురి కదా ఆయనకి. సాయంత్రానికి ఆయన చేత ఊఁ అనిపించుకు రా.”

వక్కపొడి తుంపర ఒకటి లోవరాజు మెడ మీద పడింది. తుడుచుకోలేదు. ఆయన వెళ్ళేదాకా ఆగి, అరచేత్తో గట్టిగా రుద్దుకున్నాడు.

ముసలాయనంటే మౌలా అలీ. లోవరాజు ఇల్లున్న సందు మొగలో స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేస్తాడు. వాళ్ళ నాన్న షఫీ తన పేరుతో పెట్టిన దుకాణం, షఫీ స్టవ్ వర్క్స్. కాపురానికొచ్చిన కొత్తలో లోవరాజు భార్య దేవి స్టవ్ మండకపోతే, రాత్రి అన్నం వేళ దాటకుండా ఇంటికే వచ్చి బాగుచేసి వెళ్ళినవాడు. రెండేళ్ళ కిందట ఆయన చేత ‘బెస్ట్ స్టవ్ రిపేర్ సికింద్రాబాద్’ అన్న పేరు కొనిపించింది లోవరాజే. “అంతా పేరులోనే ఉందండి చాచా” అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే దుకాణం మీద బోర్డు మారిపోయి ఉంది. షఫీ పేరు మీద తెల్లరంగు పూసి, దానిమీద ఎర్రగా ఆ సైటు పేరు డాట్ కామ్‌తో సహా రాయించేశాడు ముసలాయన. కంప్యూటర్లో పేరు మారితే బోర్డు మీద మారొద్దా అని ఆయన లెక్క. బోర్డు జోలికి పోనక్కర్లేదని చెప్పడానికి లోవరాజుకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఇప్పుడు ఆ సైటు తెరిచి తను రాసిందే చదివాడు. సికింద్రాబాద్‌లో బెస్ట్ స్టవ్ రిపేర్ కావాలా? సికింద్రాబాద్‌లో బెస్ట్ స్టవ్ రిపేర్ మాదే. పేజీ పొడుగునా అదే. పేడపురుగు ఉండను దొర్లించినట్టు ఒక్క మాటనే దొర్లించాడు. మౌలా అలీ అని గానీ షఫీ అని గానీ ఒక్క చోటా లేదు. రోత పుట్టింది.

ఉత్తరాలొచ్చే పెట్టె ఒకటుంది ఆ సైటుకి. ఇన్నాళ్ళూ ఎవరూ తెరవలేదు. తెరిస్తే నాలుగు నెలల నాటి ఉత్తరం కనిపించింది. ‘నా పేరు కుసుమకుమారి, బోయిన్‌పల్లి. మీ దగ్గర్లోనే షఫీ గారి దుకాణం ఉండేది. రెండుసార్లు వచ్చి వెతికాను, మీ బోర్డే కనపడింది. ఎక్కడికి మార్చారో మీకు తెలిస్తే చెప్పగలరా?’

లోవరాజు ఆ ఉత్తరమూ, దాని కింద ఉన్న ఆమె ఫోను నంబరూ కాగితం మీద రాసుకుని, క్యారేజీ పట్టుకుని మెట్లు దిగాడు.

మౌలా అలీ దుకాణం మధ్యలో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎండిన చింతబరికె లాంటి మనిషి. మసి పట్టిన గోళ్ళు, తెల్లటి గడ్డం.

“గింత జల్ది వచ్చినవేంది బేటా? నౌకరీ గిట్ల ఊడిందా?”

“ఇంకా లేదండి.” లోవరాజు గడపలోనే నిలబడ్డాడు. “మా సారు మీచేత ఇంకో మూడు పేర్లు కొనిపించమన్నారు. కొనకండి చాచా. ఆ పేర్ల పనైపోయింది. అసలు ఆ పేజీలో మీ గురించి నేను ఒక్క ముక్కా రాయలేదండి.”

“మరేం రాసినవ్?”

“సికింద్రాబాద్‌లో బెస్ట్ అని.”

“ఎన్నిసార్లు?”

“నలభై ఒక్కసార్లు.”

ముసలాయన నవ్వాడు. “తస్బీ పూసలు తిప్పినట్టు తిప్పినవ్ గదరా! నా బీవీ సుత నన్ను గన్నిసార్లు పిలవలే.”

లోవరాజుకు నవ్వు రాలేదు. జేబులోంచి కాగితం తీసి, కుసుమకుమారి ఉత్తరం అప్పజెప్పినట్టు చెప్పాడు. మౌలా అలీ నవ్వు ఆగిపోయింది.

“నంబరుందండి. చేస్తారా?”

“జేసి ఏం జెప్పాలె? షఫీ యాడికీ పోలే, కన్నకొడుకే ఆయన పేరు మీద సున్నం కొట్టిండు అని జెప్పాల్నా?”

అప్పుడు చూశాడు లోవరాజు. గోడకు ఎప్పుడూ వేలాడే బర్నర్లు లేవు. మేకులే ఉన్నాయి. పనిముట్లు గోనెసంచిలో మూటకట్టి ఉన్నాయి.

“ఏటండీ ఇది?”

“ఈ శుక్రారం జుమ్మా నమాజైనంక పోతున్న. జహీరాబాద్‌ల మా బిడ్డ జెబా దగ్గరికి. దుకాణం వేరేటోడు తీసుకుండు.”

“బోర్డు మళ్ళీ రాయిద్దామండి. నేనే రాయిస్తాను.”

“బోర్డుదేముంది, గంటల రాస్తరు. తిరిగిపోయిన మందిని ఎవడు తెస్తడు? పరేషాన్ గాకు. నువ్వు జెప్పినవ్, నేను జేసిన. కూసో, తిందాం.”

లోవరాజు ఫోను మోగింది. రామభద్రరావు. మోగనిచ్చి, బోర్లా పెట్టాడు.

పాత పేపరు పరిచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మౌలా అలీ జొన్నరొట్టె తుంచి సగం లోవరాజు క్యారేజీ మూతలో పెట్టాడు. లోవరాజు ఆనపకాయ కూర ఆయన రొట్టె మీద వేశాడు. బయట బస్సు హారన్లు, లోపల నమిలే చప్పుడు.

ఖాళీ అలమర పై అరలో ఒక్క కుక్కర్ మాత్రం మిగిలి ఉంది. కొత్త పిడి బిగించి, కొబ్బరిపీచుతో తెల్లగా తోమి ఉంది. మూతకు దారంతో కట్టిన చీటీ మీద పెన్సిలుతో రాసిన వంకర అక్షరాలు: లాలాపేట టీచరమ్మ, సోమవారం వస్తది.