వంద నంబరు సీసా

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మూడో అంతస్తు ఇంట్లో, అనసూయమ్మ పొద్దున లేవగానే మొదట కడిగేది నల్లాని. నల్లా నీళ్లతో గిన్నెలు కడుగుతాం గదా, మరి నల్లాను ఎవరు కడగాలని ఆమె లెక్క. ఆ తర్వాత గిన్నెలు, గడప, కుర్చీల కాళ్లు. కిటికీ పక్కన పేము కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తడిబట్టను చుట్టూ ఒక తిప్పు తిప్పి ఊరుకునేది. అందులో వామన్‌రావు కూర్చుని ఉంటాడు.

వామన్‌రావు ఆమె భర్త. పోయి మూడేండ్లయింది. కర్మలు ముగిసి చుట్టాలంతా బస్సెక్కి పోయినంక, వచ్చి తన కుర్చీలో తను కూర్చున్నాడు. పాలాయన రోజూ "నమస్తే సార్" అని పోతాడు. బతికున్నప్పుడు గుమాస్తా గనుక, బిల్డింగులో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆయనే చదివిపెట్టేవాడు. పోయినంక కూడా చదివాడు. తనంతట తను నోరు విప్పడు; ముందు పెట్టి అడిగితేనే చదువుతాడు. కాకుంటే చదివినప్పుడల్లా ఇంత తరిగిపోయేవాడు. కింది వాటావాళ్ల కోర్టు నోటీసుకు పాదాలు పోయాయి. పక్కింటి కమలకుమారి బిడ్డ హాల్ టికెట్టుకు మోకాళ్లు పోయాయి. కరెంటాఫీసు కాగితాలకు నడుము పోయింది. ఇప్పుడు మిగిలింది మొఖం, కళ్లద్దాలు, కుర్చీ చేతి మీద కుడిచెయ్యి, అంతే. "ఇంకొక్కటి చదివితే నాయన ఉండడు. ఎవ్వరు అడగొద్దు" అని కొడుకు సుశాంత్ అందరికీ చెప్పి పెట్టాడు.

అనసూయమ్మ ఏనాడూ అడగలేదు. ఆయనతో మాట్లాడకనే పద్నాలుగేండ్లు. ఈ ఇల్లు రిజిస్ట్రేషన్ అయిన నాటి సంగతి అది. సంతకం పెట్టాలని ఆమె నెల రోజులు పాత క్యాలెండర్ల వెనక తన పేరు రాసి రాసి నేర్చుకుంది. తీరా ఆఫీసులో కాగితాలు ముందుకు రాగానే, వామన్‌రావు పదిమందిలో, "ఆమెకు చదువు రాదండి, వేలిముద్ర తీసుకోండ్రి" అనేశాడు. ఎవడో ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. ఆ వేలిని ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడిగిందో ఆమెకే తెలుసు. ఆ రోజు నుంచి "మీ నాయనకు బువ్వ పెట్టిన అని చెప్పు" అంటూ కొడుకు నోటితోనే సంసారం నడిపింది. ఆయన పోయినా కోపం పోలేదు. ఎదురుగా కూర్చుని ఉన్న మనిషి మీద కోపం ఎట్లా పోతుంది?

కోడలు భవ్యకు ఈ సంగతి తెలియదు. అత్తగారికి చదువొచ్చనే అనుకుంటుంది. అంకెలైతే వచ్చు. బస్సు నంబర్లు, ఫోను నంబర్లు, గ్యాసు నంబరు, అంకెలతోనే అనసూయమ్మ ఇంతకాలం గుట్టుగా నెట్టుకొచ్చింది.

బుధవారం మనవరాలు ప్రణవికి పదివారాల సూదులు వేయించారు. "జరమొస్తది, ఒకటి రెండు రోజులుంటది, ఫికర్ చేయొద్దు" అంది బస్తీ దవాఖాన నర్సమ్మ. "వాసిన కాడ రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. పాలు పట్టుండ్రి. వంద దాటి పిల్ల బాధపడితే చుక్కలమందు ఏయుండ్రి." బుధవారమంతా పిల్ల బాగానే ఉంది. గురువారం మధ్యాహ్నం భవ్యకు బషీర్‌బాగ్‌లో బీఎడ్ పరీక్ష.

"అత్తయ్యా, పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. జ్వరం వస్తే మందు ఎంత పట్టాలో చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఒకసారి చదువుకోండి."

"నాకు నేర్పుతున్నవా? ముగ్గురిని పెంచిన."

"చదివారా మరి?"

"ఆఁ, చదివిన. పో, ఆలస్యమైతది."

చీటీలో అన్నీ అక్షరాలే. అంకె ఒక్కటి కూడా లేదు.

అసలు తప్పు పొద్దున్నే జరిగింది. అలమారలో రెండు మందు సీసాలు జిడ్డు జిడ్డుగా కనబడ్డాయి. ఒకటి సాయంత్రం దాకా బడిలో ఉండే నాలుగేండ్ల పెద్ద మనవడు ఆకాష్‌ది, ఇంకొకటి ప్రణవిది. అనసూయమ్మ అట్టపెట్టెలు చెత్తబుట్టలో పడేసి, సీసాలను సబ్బుతో తోమి, చుక్కలు వేసే ప్లాస్టిక్ గొట్టాన్ని సలసల మరిగే నీళ్లలో వేసింది. అది ఎండిన చిక్కుడుకాయలా వంకర తిరిగిపోయింది. దాన్నీ చెత్తబుట్టలోకే తోసి, కోడలికి చెప్పకుండా ఊరుకుంది.

రెండున్నరకు పిల్ల లేచి ఏడ్చింది. ఆకలి ఏడుపు కాదు. సన్నగా, తీగ లాగినట్టు, మధ్యమధ్య ఊపిరి ఆపుకుని ఏడ్చే ఏడుపు. పాలసీసా పెడితే మొఖం తిప్పేసింది. ఎడమ కాలు కదపడం లేదు. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది. చంకలో పెట్టిన థర్మామీటరు కూత పెట్టింది. నూటొకటి పాయింట్ ఎనిమిది.

అనసూయమ్మ పిల్ల బట్టలు వదులు చేసి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో ఒళ్లు తుడిచింది. భవ్యకు ఫోను చేసింది. పరీక్ష హాలు, స్విచాఫ్. సుశాంత్‌కు చేసింది; వరంగల్ రైల్లో ఉన్నాడు, కలవలేదు. కమలకుమారి తలుపు దాకా పోయి ఆగింది. ఆమెకు చెబితే సాయంత్రానికల్లా అబిడ్స్ దాకా పాకుతుంది, అనసూయమ్మకు అక్షరం ముక్క రాదని. వెనక్కి వచ్చింది.

అప్పుడు ఏడుపు ఆగిపోయింది. ఏడుస్తున్నప్పటి భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పిల్ల కళ్లు సగం మూసి, పెదవులు ఎండి, కుక్కపిల్లలా వగరుస్తోంది. 'నా చేతుల్ల పెట్టి పోయింది. నా చేతుల్లనే ఏమన్న అయితే?'

రెండు సీసాలు తెచ్చి వెలుతురులో పట్టుకుంది. ఒకదాని మీద 100. ఇంకొకదాని మీద 120. గుండె కొంచెం కుదుటపడింది. పెద్ద నంబరు పెద్దోనిది, చిన్న నంబరు చిన్నదానిది. ఇంత చిన్న సంగతికా ఇంత బెంగ! ఆకాష్‌కు జ్వరమొస్తే భవ్య చంచాడు పట్టడం ఆమె కళ్లారా చూసింది. వంద నంబరు సీసా మూత తీసి, చంచా నిండా వంచింది. పిల్ల తల ఎత్తి, చంచా పెదవుల దగ్గర పెట్టింది.

టక్, టక్.

వామన్‌రావు వేలు కుర్చీ చేతి మీద కొడుతోంది. మూడేండ్లలో ఆయన చెయ్యి దానంతట అది కదలడం ఇదే మొదలు.

"చప్పుడెందుకు? పిల్ల పండుకుంటుంది" అంది, గోడతో చెప్పినట్టు.

టక్ టక్ టక్. కళ్లద్దాల వెనక ఆయన కళ్లు చంచా మీదే ఉన్నాయి.

అనసూయమ్మకు ఒళ్లు మండింది. ఇప్పుడు కూడా తప్పులు పట్టాల్నా ఈ మనిషి? ఏదైతే అదే అవుతుందని చంచా ఇంకొంచెం వంచబోయింది. భయం ఒక పక్క, పంతం ఒక పక్క లాగుతుంటే, మందు అంచు దాకా వచ్చి నిలిచింది. ఒకవేళ నిజంగనే తప్పయితే? ఎవరి పంతానికి ఎవరి పాణం?

చంచా కింద పెట్టి, పిల్లను భుజాన వేసుకుని, సీసాలు రెండూ పట్టుకుని కుర్చీ ముందు నిలబడింది.

"జర... గిది చదువుండ్రి" అంది.

వామన్‌రావు ఆఫీసు కాగితం చదివినట్టే, మెల్లగా, ఒత్తి ఒత్తి చదివాడు. "చంటిపిల్లల చుక్కలమందు." చెయ్యి పోయింది. "ఒక్క ఎమ్మెల్‌కు వంద మిల్లీగ్రాములు." గదుమ పోయింది. "గొట్టంతోనే పట్టవలెను. చంచా వాడరాదు." మొఖమంతా పోయింది.

"మరి నూట ఇరవైది?" అని ఆత్రంగా రెండో సీసా ఎత్తింది.

మిగిలిన కళ్లద్దాలు అటు తిరిగాయి. "అయిదు ఎమ్మెల్‌లకు నూట ఇరవై..." అన్నాడు. ఆ మాటతో అవి కూడా పోయాయి.

అంకెల మనిషి గదా, అనసూయమ్మకు ఒక్క నిమిషం పట్టలేదు. చంచాకు అయిదు ఎమ్మెల్‌లు. అంటే చంచాలో ఉన్నది అయిదు వందలు! పెద్దోనికి పట్టేదానికి నాలుగంతలు, ఇంత పిట్టకు! గోడ పట్టుకుని నిలబడింది.

కుర్చీ వైపు చూసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మాట ఆయనకు యాదికి ఉండెనో లేదో ఇక తెలియదు. ఆ ఒక్క మాట అడుగుదామని ఇన్నేండ్లు దాచుకుంది. అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. ఏడ్వడానికి తీరిక లేదు.

చీటీ పీకి, సీసా కొంగున కట్టి, పిల్లను పొత్తిళ్లలో పట్టుకుని మూడంతస్తులు దిగింది. రాంచందర్ మందుల దుకాణం ముందు నలుగురున్నారు. అనసూయమ్మ వాళ్లను దాటుకుని పోయి, అందరూ వినేటట్టే అంది.

"నాకు చదువు రాదు బిడ్డా. సూది జరం, నూటొకటి దాటింది. గొట్టం నేనే ఖరాబ్ చేసిన. గీ చీటీ చదివి, కొలిచి, నువ్వే పట్టు."

రాంచందర్ చీటీ, సీసా చూశాడు. "బరువెంతమ్మా?"

"అయిదు కిలోలు. నిన్ననే తూచిన్రు."

"ఇంతకుముందు ఏమన్న పట్టినవా?"

"ఒక్క చుక్క పోలే. చంచాల పోసి ఆగిన."

"చంచానా!" అతని మొఖం తెల్లబోయింది. "మంచిగ ఆగినవ్. అది పోయుంటే లివర్ ఖరాబైతుండె, అమ్మా."

నలుగురిలో ఎవరూ నవ్వలేదు. ఒకావిడ కుర్చీ జరిపింది. రాంచందర్ కొత్త గొట్టం తీసి, దాని మీద ఎర్ర సిరాతో సన్న గీత గీసి, అంతవరకే మందు తీసి పట్టాడు. "ఆరు గంటలలోపు మళ్లా ఏయొద్దు. పాలు తాగకున్నా, జరం దిగకున్నా ఆగకుండ దవాఖానకు తీస్కపోవాలె. చిన్న పిల్ల."

ముప్పావు గంట ఆ కుర్చీలోనే కూర్చుంది. ప్రతి ఊపిరీ లెక్కపెట్టింది. పిల్ల నుదుట చెమట పట్టినాక, పాలకోసం పెదవులు వెతుకులాడినాక, అప్పుడు లేచింది.

అయిదున్నరకు భవ్య వచ్చింది. గుమ్మంలోనే ఆగి కిటికీ వైపు చూసింది.

"మామయ్యగారు?"

"మందు సీసా చదివిన్రు" అంది అనసూయమ్మ. "చీటీ నేను చదవలే. నాకు రాదు. ఎన్నడూ రాలే." గొట్టం సంగతీ చంచా సంగతీ, ఒక్కటి దాచకుండా చెప్పింది. తిడితే పడదామని తల వంచుకుంది.

భవ్య పిల్లను గుండెకు హత్తుకుంది. "నేను నోటితో చెప్పాల్సింది, అత్తయ్యా" అంది.

శుక్రవారం పొద్దున పిల్ల ఒళ్లు మళ్లీ కొంచెం వేడెక్కింది. భవ్య లేవబోతే అనసూయమ్మ చేత్తో ఆపింది. చేతులు కడుక్కుని, గొట్టంలోకి ఎర్ర గీత దాకా మందు తీసి, కిటికీ వెలుతురులో ఎత్తి కోడలి ముందు పట్టింది.

"చూడు. సరిగ్గున్నదా?"

భవ్య వంగి చూసింది. "సరిగ్గా ఉంది అత్తయ్యా."

"ఇంకోసారి చూడు" అంది అనసూయమ్మ.